కేకకు గీసిన బొమ్మ

మా వీధిలో చాలా ఇళ్ళల్లో గడియారాలుండేవి గానీ, పొద్దుటి పనులు నడిచేది మాత్రం చేపల అప్ప కేకను బట్టే. సముద్రం వైపు వాళ్ళు అక్కను అప్ప అంటారు. మా వీధి వీధంతా ఆమెను అలాగే పిలిచేది. తుని నుంచి వచ్చే మొదటి బస్సు టాపు మీద బుట్ట వేసుకుని నర్సీపట్నంలో దిగి, మా వీధి మొగలో, మొదటి ఇంటి పక్కన, నిలబడి గొంతెత్తేది.

“సేపలో... కవళ్ళో... పచ్చి కవళ్ళమ్మో... బేగి రండమ్మో!”

మొదటి మాట నేల మీంచి లేచినట్టు మెల్లగా మొదలయ్యేది. కవళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇళ్ళ పెంకుల మీదికెక్కేది. ‘పచ్చి’ అన్నచోట గొంతు జీరపోయేది, ఎప్పుడూ అక్కడే. చివరి ‘అమ్మో’ వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయేది. ఆ కేక వినగానే మా అమ్మ చింతపండు నానబెట్టేది. అప్ప మా గుమ్మం దాకా వచ్చేసరికి అది నాని ఉండేది. కవళ్ళు, ఆ వెండి మెరుపు చిన్న చేపలు, ఆ రోజు ఎలాంటివో కేకలోనే తెలిసిపోతుందని అమ్మ వాదన. సరుకు బాగాలేని రోజున అప్ప ‘పచ్చి’ అనే మాటను మింగేసేదట. నేను చాలాసార్లు చెవి పెట్టి విన్నాను, నిజమే.

మాది మిషన్ చర్చి కుటుంబం. నాన్న చర్చి పెద్ద. ఎవరిచేతా మాట పడకుండా, ఎవరినీ మాట అనకుండా బతకాలనే మనిషి. నాకు ఆయన ముక్కు వచ్చింది గానీ ఆ ఓర్పు రాలేదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండు పరీక్షలూ పాసై, ఊళ్ళోనే ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను. ఎమర్జెన్సీ పెట్టిన కొత్త. పిల్లలకు బొమ్మలు నేర్పుతానని చేరితే నాకు అప్పగించింది గోడలు. పై నుంచి నినాదాలు వచ్చేవి. వాటిని స్కూలు ప్రహరీ మీద నీలిరంగుతో రాయాలి. స్కేలు పెట్టి గీసిన రెండు గీతల మధ్య అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు, డ్రిల్లు పిరియడ్లో నిలబెట్టిన పిల్లల్లా. తక్కువ మాట్లాడి ఎక్కువ పని చెయ్యమనే నినాదం రాస్తున్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది. మాట్లాడొద్దని చెప్పడానికి అంతంత అక్షరాలు ఎందుకు?

నాకు మొదటి నుంచీ అక్షరాల పిచ్చి. మాట ఎలా వినిపిస్తుందో అలాగే కనిపించాలని, చిత్తు కాగితాల మీద ఏవేవో చేసేదాన్ని. ‘వాన’ అని ఏటవాలుగా జార్చి రాసేదాన్ని. ‘ఆకలి’ అని రాసి, అక్షరాల కడుపులన్నీ పెద్ద పెద్ద ఖాళీలుగా వదిలేసేదాన్ని. ఒకసారి అవి హెడ్మాస్టరుగారి కంట పడ్డాయి. “ఇదేం చేతిరాతమ్మా, ఒంట్లో బాగుండడం లేదా?” అని నిజంగానే కంగారుపడ్డారాయన.

మా వీధిలో ఒక గవర్నమెంటు ఆఫీసు ఉండేది. దానికి కొత్తగా వచ్చిన ఆఫీసరుకు చప్పుడంటే పడదు. మీటింగులు, మైకులు అప్పటికే లేవు. ఇక మిగిలినవి అమ్ముకునేవాళ్ళ కేకలు. ఒకరోజు బంట్రోతు వీధి మొగలో నిలబడి, ఉప్పు బండివాడికీ, ఆకుకూరలావిడకీ, అప్పకీ ఒకే మాట చెప్పాడు.

“ఈదిలో కేకలెయ్యకూడదు. అయ్యగారి ఆర్డరు. ఎమర్జెన్సీ.”

కాగితమేదీ చూపించలేదు. చూపించమని ఎవరూ అడగలేదు. ఆ చివరి మాట ఆ రోజుల్లో సంతకమూ అదే, ముద్రా అదే.

మర్నాడు అప్ప ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వీధి దాటిందో ఎవరికీ తెలియలేదు. ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం నేను స్కూలు నుంచి అన్నానికి వచ్చేసరికి, మా అరుగు మీద బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. బుట్ట మీద తడిగుడ్డ కప్పి ఉంది. వాసన మాత్రం మారిపోయింది.

“ఏటప్పా, ఇంకా అమ్ముడవలేదా?”

“ఎలాగమ్ముడవుతాది పంతులమ్మా? తలుపు తలుపూ కొట్టుకుంటా ఎల్తన్నాను. కొందరు తీత్తారు, కొందరు తియ్యరు. తీసినోలేమో, ముష్టిదాన్లాగ తలుపు కొడతావేటే అంతన్నారు. కేకేత్తే ఆలే నా కాడికొత్తారు. తలుపు కొడితే నాను ఆల కాడికెల్లి అడుక్కున్నట్టుంతాది.”

“ఆఫీసరుగారిని ఒకసారి అడగకపోయావా?”

“నోరుంటే తలగాస్తాదంతారు. ఆ నోరే ఒద్దన్నాక ఏటితో అడిగీది?” అంది. తడిగుడ్డ ఎత్తి చూపించింది. కవళ్ళు మెత్తబడిపోయాయి. “ఇయ్యి పారబోసి బస్సెక్కడమే. ఇంకో నెల్లాళ్ళు ఇలాగే ఉంతే, ఈ ఊరు రావడం మానీడమే.”

ఆమె బుట్టెత్తుకుని వెళ్ళిపోయాక అన్నం ముందు కూర్చుని అదే ఆలోచించాను. అరవకూడదన్నారు సరే, కనబడకూడదని అనలేదు కదా! ఆ మాట నాన్నతో అనేశాను. అప్ప కేకను, తడిసి చిరిగినా మళ్ళీ వేసుకునేలా, కాగితం మీద అచ్చువేసి బుట్టకు కడతానన్నాను. ఎంత గొంతుతో అంటుందో అంత అక్షరం.

“ఏటమ్మా ఇది? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని ఊరికే అన్నారా పెద్దలు?”

“మీకు రెండూ ఉన్నాయి నాన్నా. నాకు జుట్టుంది, ఏం చెయ్యమంటారు?”

నాన్న బట్టతల తడుముకుని, నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పేసుకున్నారు. తర్వాత మాత్రం నవ్వలేదు. “ఉద్యోగం ఊడితే అప్పుడు తెలుస్తాది” అన్నారు. ఆ పూట ప్రార్థనలో పై అధికారుల కోసమూ, నా కోసమూ విడివిడిగా, చాలాసేపు ప్రార్థించారు.

ఊళ్ళో ప్రెస్సు ఉంది. పర్మిషన్ లేని కాగితం ముట్టుకోనని ప్రెస్సాయన దణ్ణం పెట్టేశాడు. ఆయన దగ్గరున్నవి ఎలాగూ పెళ్ళి శుభలేఖల అక్షరాలే. అప్ప గొంతుకు అవి చాలవు. అందుకని శనివారం ఏటికొప్పాక వెళ్ళాను. అంతకుముందు స్కూలు పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు పరిచయమైన లక్కబొమ్మల తాత ఒకాయన ఉన్నాడక్కడ. విషయం చెప్పగానే చేతులెత్తేశాడు.

“మా మర మీద కర్ర గుండ్రంగానే తిరుగుతాదమ్మా. అక్షరాలు మావల్ల అవ్వవు.”

“మన అక్షరాలూ గుండ్రమే కదా తాతా. నాకు చక్రాలు చెయ్యి చాలు. చిన్నవీ పెద్దవీ, లావువీ సన్నవీ.”

ఆ చక్రాలను సగాలుగా, పావులుగా కోసి చెక్క పలక మీద అతికించుకుంటే అక్షరాలొస్తాయని నేల మీద గీసి చూపించాను. తాతకు భలే నచ్చింది. అంకుడు కర్ర మెత్తన, పని బేగి అయిపోద్ది, వచ్చే వారం రమ్మన్నాడు. లక్క వెయ్యొద్దు, నాకు వట్టి కర్రే కావాలని మరీ మరీ చెప్పి వచ్చాను.

మళ్ళీ వారం వెళ్తే, ఎర్రవీ పచ్చవీ పసుపువీ చక్రాలు గాజుల మలారంలా దారానికి గుచ్చి ఉన్నాయి. అన్నిటికీ లక్క. మొహం చూసుకోవచ్చు.

“వట్టి కర్ర కావాలన్నాను కదా తాతా!”

“అన్నావు. నానూ అలాగే సేద్దారనుకున్నాను. సెయ్యి ఊరుకోలేదమ్మా. లక్క ఎయ్యకుండా మా పట్టెడలోంచి ఒక్క బొంగరం బయటికెల్లలేదు. రేపు నలుగురూ సూసి, ఈడికేటొచ్చింది అనుకోరూ? మొగలాకుతో మెరుగు కూడా పెట్టీసినాను” అన్నాడు గర్వంగా.

నవ్వి తెచ్చుకున్నాను. బస్సులో మాత్రం పళ్ళు నూరుకున్నాను.

లాంతరు మసిలో తుమ్మజిగురు కలిపి సిరా చేసుకున్నాను. అద్దంలో కనబడినట్టు తిరగేసి అక్షరాలు అతికించి, సిరా పూసి, డ్రాయింగ్ షీటు పరిచి, గరిటె వెనకతో రుద్దాను. లక్క మీద సిరా నిలిస్తేగా! నూనె రాసిన పెనం మీద నీళ్ళలా ముద్దలు కట్టింది. షీటు ఎత్తితే అక్షరాలు చుక్కలు చుక్కలుగా, అక్కడక్కడా ఊడిపోయి, చెదపుట్టలా ఉన్నాయి. చింపేద్దామని చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. ‘పచ్చి’ అన్న రెండక్షరాలు కాగితం మీద జీరపోయి ఉన్నాయి. అచ్చం అప్ప గొంతే. నేను ఎంత ప్రయత్నించినా గియ్యలేని దాన్ని తాత పరువు గీసిపెట్టింది.

గరుకు కాగితంతో మిగతా అక్షరాల మీద లక్కంతా గీకేశాను. ‘పచ్చి’ని మాత్రం ముట్టుకోలేదు. మొదటి ‘సేపలో’ను కింది అంచున చిన్నగా పెట్టాను. ‘కవళ్ళో’ అక్షరాలకు తోకలు తగిలించి, చక్రాల మధ్య కళ్ళు పెట్టాను. చివరి ‘అమ్మో’లోంచి వట్టి చక్రాలు చిన్నవవుతూ చిన్నవవుతూ కాగితం అంచు దాటి వెళ్ళిపోయాయి. బొమ్మ ఎక్కడ ఆగిందో అక్షరం ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. నాన్న వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన పెదాలు మెల్లగా కదులుతున్నాయి. చిన్న అక్షరాల దగ్గర చిన్నగా, పెద్దవాటి దగ్గర వెడల్పుగా.

అప్పకు చదువు రాదు. షీటు నేల మీద పరిచి, వేలు పెట్టి చూపిస్తూ మెల్లగా చదివాను. రెండోసారి ఆమే వేలు పెట్టింది. కళ్ళు మూసుకుని, లోపల కేక వేసుకుంటూ, వేలు నడిపింది. ‘కవళ్ళో’ దాటగానే ఆగిపోయింది.

“ఇక్కడ ఊపిరి తీసుకుంతాను పంతులమ్మా. ఊపిరికి సోటేదీ? రెండూ దగ్గరగా ఎట్టీసినావు. మరి ఈ రండమ్మో ఇంత లావెందుకు? అక్కడికొచ్చీసరికి నాకు ఓపికుండదు.”

పలక మీద అక్షరాలు ఊడదీసి, ‘రండమ్మో’ను సన్నం చేసి, ఊపిరికి జానెడు తెల్లకాగితం వదిలాను. మొత్తం షీటులో నాకు ఇప్పటికీ ఇష్టమైన చోటు అదే. ఏమీ అచ్చువెయ్యని చోటు. అలా వదలమని నాకు ఏ డ్రాయింగు పరీక్షలోనూ చెప్పలేదు.

బుట్టకు వెదురుబద్ద కట్టి, దానికి షీటు తగిలించి, అప్ప పెదాలు బిగించుకుని వీధిలోకి నడిచింది. నేను స్కూలుకు పోతున్నట్టు నటిస్తూ వెనకే ఉన్నాను. మొదటి ఇళ్ళవాళ్ళు కిటికీల్లోంచి వింతగా చూసి ఊరుకున్నారు. అప్పుడు ఒక అరుగు మీద పలకలు పట్టుకుని కూర్చున్న చిన్నపిల్లలు షీటు చూశారు. కొత్తగా అక్షరాలు నేర్చిన పిల్లలు కనబడిందల్లా పైకి చదవకుండా ఉండలేరు. ఈ సంగతి టీచర్నై ఉండి కూడా నాకు తట్టలేదు!

“సే...ప...లో...”

చిన్న అక్షరాలు చిన్నగా చదివారు. పెద్దవాటికి నోళ్ళు పెద్దవయ్యాయి. తెల్లకాగితం దగ్గర ఆగి, ఊపిరి తీసుకున్నారు. చుక్కలు చుక్కలుగా ఉన్న ‘పచ్చి’ దగ్గర వాళ్ళ గొంతులు వాటంతట అవే జీరపోయాయి. చివరి చక్రాలను కాగితం అయిపోయాక కూడా సాగదీశారు. పక్క అరుగు పిల్లలు అందుకున్నారు. తలుపులు తెరుచుకున్నాయి. మా అమ్మ బేసిన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆఫీసు దాకా వెళ్ళకుండానే బుట్ట ఖాళీ అయిపోయింది. అప్ప ఒక్క మాటా అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. నాకు అంత గర్వం జీవితంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అదలా కొన్నాళ్ళు సాగింది. తర్వాత బంట్రోతు స్కూలుకొచ్చి నన్ను పిలుచుకుపోయాడు. ఆఫీసరు బల్ల మీద నా షీటు ఉంది. గోడ వారగా అప్ప నిలబడి ఉంది.

“ఏమిటమ్మా ఇది?”

“ఆవిడ కేక సార్.”

“కేకలు వద్దన్నాను కదా.”

“ఆవిడ నోరు తెరవలేదు సార్.”

“పిల్లలు అరుస్తున్నారు.”

“చదువుతున్నారు సార్. బళ్ళో మేం నేర్పేది అదే కదండీ.”

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. షీటును నెమ్మదిగా మడిచి సొరుగులో పెట్టి, “మీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు అయినట్టు లేదు కదూ?” అని అడిగారు. అప్ప వైపు తిరిగి, “మళ్ళీ ఇది కనిపిస్తే బుట్ట ఊళ్ళోకి రాదు” అన్నారు.

బయటికొచ్చాక, ఇంకో షీటు వేసిస్తానన్నాను. పలక ఇంట్లోనే ఉంది కదా.

“ఒద్దమ్మా” అంది అప్ప. “నీ ఉద్దోగం నీకుండాల, నా బుట్ట నాకుండాల. తలుపులే కొట్టుకుంతాను.”

ఆమె అన్నంత పనీ చేసింది. రావడం మానలేదు గానీ, వారంలో వచ్చే రోజులు తగ్గిపోయాయి. మెల్లగా తలుపు తట్టి, “సేపలున్నాయమ్మా” అని, గుమ్మం వార ఒదిగి నిలబడేది. పలక మంచం కింద పడి ఉంది. ఆ తర్వాతెప్పుడో, ఎనభైల్లో, దాన్ని క్లాసుకు తీసుకెళ్ళి, మీ ఇంట్లో వినబడే ఒక మాటను ఇలా గియ్యండని పిల్లలకు పని ఇచ్చేదాన్ని. కొయ్యూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి వాళ్ళమ్మ పిలుపును పేజీ ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే అక్షరంగా సాగదీసింది. కొండ అవతలికి వినబడాలిగా మరి. ఎవరు ఎంత పెద్దగా మాట్లాడొచ్చో ఇంకొకరు కొలిచి ఇవ్వకూడదని నాకు తెలిసింది ఏ పుస్తకంలోనూ కాదు, అలాంటి కాగితాల్లోనే.

అదంతా తర్వాతి సంగతి. అంతకుముందే, డెబ్భై ఏడులో, ఎన్నికలొచ్చాయి. ఎమర్జెన్సీ పోయింది. జీపులు, మైకులు, జిందాబాదులతో ఊరు హోరెత్తిపోయింది. ఆకుకూరలావిడ మళ్ళీ మొదలుపెట్టింది. ఉప్పు బండివాడు మొదలుపెట్టాడు. అప్ప మాత్రం తలుపు తడుతూనే ఉంది.

“ఇంకా ఎందుకప్పా? కేకెయ్యి!”

“ఎవులు సెప్పినారు, ఎయ్యొచ్చని?”

“అందరూ వేస్తున్నారు కదా.”

“ఆలకి సెప్పుంతారు. నాకు బంట్రోతొచ్చి ఒద్దని సెప్పినాడు. మళ్ళీ ఒచ్చి, ఎయ్యొచ్చని సెప్పలేదు కదమ్మా.”

నేను తిన్నగా ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఆఫీసరు అప్పటికే బదిలీ అయిపోయారు. గుమస్తా నా మాట మర్యాదగానే విన్నాడు. “అలాంటి ఆర్డరేదీ మా దగ్గర లేదండీ. లేనిదాన్ని రద్దు చెయ్యమంటే ఎలాగండీ?” అన్నాడు. అతని తప్పేముంది? అయినా కొట్టాలన్నంత కోపం వచ్చింది.

అప్పకు చెప్పాను, అసలు అలాంటి ఆర్డరే లేదట అని. ఆమె వీధి మొగలోకి వెళ్ళి, బుట్ట నెత్తిన సర్దుకుని, నోరు తెరిచింది. మూసేసింది. మళ్ళీ తెరిచింది. బుట్ట దించి కింద పెట్టేసింది.

“సిగ్గేత్తందమ్మా” అంది.

ఆ మాట విని నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆఫీసరు పోయాడు, ఎమర్జెన్సీ పోయింది, ఈమె గొంతులో మాత్రం బంట్రోతు ఇంకా నిలబడే ఉన్నాడు. ఏం చేస్తున్నానో ఆలోచించుకోలేదు. వంగి బుట్ట ఎత్తి చంకన పెట్టుకున్నాను. చేపనీళ్ళు స్కూలు చీర మీద కారాయి. అప్ప వెనకే వస్తుండగా ఆఫీసు ఎదుటికి నడిచి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను.

“సేపలో! కవళ్ళో!”

క్లాసులో హాజరు పిలిచినట్టు వచ్చింది. వీధంతా తిరిగి చూసింది. మా అరుగు మీద నాన్న తల దించేసుకున్నారు. ‘పచ్చి’ దగ్గర గొంతు జీర తెప్పించబోయి పొలమారి దగ్గాను.

అప్ప ఒక్క అంగలో వచ్చి బుట్ట లాక్కుంది. ఆమె కళ్ళు అంత ఎర్రగా ఎప్పుడూ చూడలేదు.

“ఆపు! బుట్టెత్తుకుని ఒకల కేక ఇంకొకలు ఎయ్యకూడదు. మా వోల్లలో సచ్చిపోయినోల కేకైనా సరే, ఏడాది దాకా ఎవులూ ముట్టుకోరు. నాను బతికే ఉన్నాను కాదేటి?”

ఆ కోపంలోనే బుట్ట నెత్తికెత్తుకుంది. ఆ కోపంలోనే ఆఫీసు వైపు తిరిగి గొంతెత్తింది. కేక నేల మీంచి లేచి, పెంకుల మీదికెక్కి, ఊపిరి తీసుకుని, జీరపోవలసిన చోట జీరపోయింది. నేను వీధి మధ్యలో నిలబడి, చేపనీళ్ళ చీరతో, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆఫీసు కిటికీ రెక్క తెరుచుకుని, లోపలి నుంచి ఎవరో “కవళ్ళెలాగిస్తావే?” అని కేకేశారు.